పెళ్లి ఆగకుండా ఫోటో తీయడం: డాక్యుమెంటరీ పద్ధతిలో పెళ్లిళ్లు తీసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పదిహేడేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను. మొదటి ఐదేళ్లు రాజమండ్రిలో ఒక స్టూడియో తరఫున ట్రెడిషనల్, అంటే అందరినీ వరసగా నిలబెట్టి తీసే పద్ధతిలో తీశాను, ఆ తర్వాత సొంతంగా, ఎవరినీ నిలబెట్టకుండా, దేన్నీ మళ్లీ చేయించకుండా తీసే పద్ధతిలోకి వచ్చాను. ప్రతి సీజన్ ముందు కొత్తగా వస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఫోన్ చేసి దాదాపు ఇవే డౌట్లు అడుగుతారు, నేను ఒక్కోసారి కారు నడుపుతూ, ఒక్కోసారి ఆల్బమ్ డిజైన్ మధ్యలో సగం సగం చెప్పి పెట్టేస్తుంటాను. అందుకే కూర్చుని అన్నీ ఒకచోట రాశాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## ఈ పద్ధతిలోకి రావాలనుకుంటే

డాక్యుమెంటరీ అన్నా, క్యాండిడ్ అన్నా ఒకటే కదా?

ఒకప్పుడు ఒకటే. ఇప్పుడు మార్కెట్లో క్యాండిడ్ అంటే వెనకాల అంతా బ్లర్ అయిపోయి, పెళ్లికూతురు కిందకి చూసి నవ్వుతున్న ఫోటో అని అర్థం అయిపోయింది. వాటిలో సగం "అమ్మా, అటు చూసి కొంచెం నవ్వండి" అని చెప్పి తీసినవే. డాక్యుమెంటరీలో ఆ చెప్పడం ఉండదు. జరుగుతున్నది జరుగుతున్నట్టే ఉండాలి, మనం ఉన్నా లేకపోయినా అది అలాగే జరిగేదై ఉండాలి. ఇంకో తేడా ఏంటంటే ఇందులో ఒక్క ఫోటో బాగుంటే సరిపోదు. పసుపు దంచిన రోజు నుంచి అప్పగింతల దాకా వరసగా చూస్తే ఆ ఇల్లు, ఆ మనుషులు, వాళ్ల మధ్య ఉన్న చుట్టరికాలు తెలియాలి.

అంటే ట్రెడిషనల్ తీసేవాళ్లు తక్కువా?

అస్సలు కాదు. స్టేజీ మీద నాలుగు వందల మందిని వరసగా నిలబెట్టి, ఒక్కరి కళ్లూ మూసుకోకుండా, ఒక్క కుటుంబాన్నీ వదలకుండా తీయడం చాలా కష్టమైన పని. ఊరి నుంచి బస్సులో వచ్చిన పెద్దమ్మకి పెళ్లికూతురి పక్కన నిలబడిన ఫోటో కావాలి, అది ఆవిడ హక్కు. నేను ఒప్పుకున్న ప్రతి పెళ్లికీ ట్రెడిషనల్ ఫోటోగ్రాఫర్ ఒకరు ఉండాలని నేనే చెబుతాను. ఆయన తన పని చూసుకుంటేనే నేను నా పని చేయగలను.

నేను స్టూడియోలో పని చేస్తున్నాను. ఇందులోకి మారాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కెమెరాతో కాదు, పెళ్లి తంతుతో మొదలుపెట్టండి. మీ ఊరి పురోహితుడు ఒకరిని అడిగి, ఒక పూట కూర్చుని, ఏది తర్వాత ఏది వస్తుందో, ఏది ఎంతసేపు పడుతుందో రాసుకోండి. నేను మా వీధిలో ఉన్న శాస్త్రిగారి దగ్గర రెండు సాయంత్రాలు కూర్చుని రాసుకున్న నోట్సు ఇప్పటికీ బ్యాగులో ఉంది. తర్వాత తెలిసినవాళ్ల గృహప్రవేశాలకి, బారసాలలకి, సత్యనారాయణ వ్రతాలకి ఒక్క 35 ఎంఎం లెన్సు పెట్టుకుని వెళ్లండి. మొదటి అరగంట ఒక్క ఫోటో కూడా తీయకండి. ఎవరు ఎవరి వైపు చూస్తున్నారు, పని ఎవరు చేస్తున్నారు, పెత్తనం ఎవరిది, మూల కుర్చీలో కూర్చున్న ముసలాయన దగ్గరికి అందరూ ఎందుకు వెళ్లి వంగుతున్నారు, ఇవి కనిపించడం మొదలైతే ఫోటోలు వాటంతటవే వస్తాయి. ఇంటికొచ్చాక తీసినవాటిలో ముప్పై మాత్రం ఉంచి మిగతావి పక్కన పెట్టండి. అలా పది ఫంక్షన్లు చేస్తే మీ కన్ను ఎటు పోతుందో మీకే తెలుస్తుంది.

ఏ కెమెరా కొనాలి? లెన్సులు ఎన్ని ఉండాలి?

కంపెనీ ఏదైనా పర్లేదు. రెండు బాడీలు (లెన్సు లేని కెమెరాలు) కావాలి, రెండింట్లోనూ రెండు కార్డు స్లాట్లు ఉండాలి, ఇది మాత్రం రాజీ పడకండి. ఒకదానికి 35 ఎంఎం లెన్సు, ఇంకోదానికి 85. నా పెళ్లిళ్లలో ఎక్కువ భాగం ఈ రెండింటితోనే అయిపోతాయి. పెద్ద ఫంక్షన్ హాల్ అయితే 70-200 ఒకటి అద్దెకి తెచ్చుకోండి, మొదట్లోనే కొనక్కర్లేదు. సెకండ్ హ్యాండ్ కోసం హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళితే షట్టర్ కౌంట్ (ఆ కెమెరా ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీసిందో ఆ లెక్క) చూడకుండా, సొంత కార్డు పెట్టి పది ఫోటోలు తీసి చూసుకోకుండా డబ్బులు ఇవ్వకండి.

## బుకింగ్, డబ్బు, మాటలు

రేటు ఎలా చెప్పాలి? పక్క స్టూడియో వాడు సగానికే చేస్తానంటున్నాడు

పక్కవాడి రేటు చూసి మీ రేటు చెప్పకండి. పెళ్లి రెండు రోజులే కనిపిస్తుంది కానీ దాని వెనక ఫోటోలు ఏరడం, రంగులు సరిచేయడం, ఆల్బమ్ డిజైన్, మార్పులు కలిపి పదిహేను నుంచి ఇరవై రోజుల పని ఉంటుంది. ఆ రోజులన్నీ లెక్కేయండి. అసిస్టెంట్ జీతం, ప్రయాణం, అద్దె లెన్సులు, కెమెరా తరుగు కలపండి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, వాటికి తోడు మూఢం వచ్చిందంటే నెలలకి నెలలు ముహూర్తాలు ఉండవు, ఆ ఖాళీ నెలల్లో కూడా ఇంటి అద్దె కట్టాలి కదా, అది కూడా సీజన్ పెళ్లిళ్ల మీదే రావాలి. సేవల మీద ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు, ఫోటోగ్రఫీకి 18 శాతం. ఆ మాట కొటేషన్‌లోనే రాయండి. చివర్లో చెబితే ఎంత మంచివాళ్లతోనైనా మాట పట్టింపు వస్తుంది.

అమ్మాయికి నా ఫోటోలు నచ్చాయి, వాళ్ల నాన్నగారు మాత్రం "కరిజ్మా ఎన్ని షీట్లు?" అంటున్నారు. ఏం చెప్పాలి?

కరిజ్మా అంటే మందపాటి షీట్ల మీద ప్రింటు చేసి కట్టే ఆల్బమ్, ఆయన అడుగుతున్నది దాని షీట్ల లెక్క. ఆయన్ని తప్పించుకుని అమ్మాయితో మాట్లాడేసుకోవద్దు. డబ్బు ఇచ్చేది ఆయన, రేపు ఆల్బమ్ పదిమందికి చూపించుకునేది కూడా ఆయనే. నేనైతే ల్యాప్‌టాప్ తీసుకుని ఇంటికి వెళ్లి, పూర్తయిన ఒక పెళ్లి ఆల్బమ్ మొత్తం మొదటి పేజీ నుంచి చివరి దాకా చూపిస్తాను. ఇన్‌స్టాలో పెట్టే ఎంచిన పది ఫోటోలు కాదు, మొత్తం. ఒకసారి అమలాపురం దగ్గర ఒక పెద్దాయన అలా చూస్తూ చూస్తూ, పెళ్లికూతురి నాన్న వంటల దగ్గర ఒంటరిగా కండువాతో ముఖం తుడుచుకుంటున్న ఫోటో దగ్గర ఆగిపోయారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత షీట్ల గురించి అడగలేదు. అడిగితే మాత్రం లెక్క స్పష్టంగా చెప్పండి, అందులో దాచేదేం లేదు.

తెలిసినవాళ్లే కదా, అగ్రిమెంట్ రాసుకోవడం అవసరమా?

తెలిసినవాళ్లతోనే ఎక్కువ అవసరం. రెండు పేజీలు చాలు: ఏ రోజుల్లో ఏ కార్యక్రమాలకి వస్తారు, ఎంతమంది వస్తారు, ఎన్ని ఫోటోలు ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఆల్బమ్‌లో ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, అడ్వాన్స్ ఎంత, పెళ్లి వాయిదా పడితే ఏంటి. మనవాళ్లు చాలామందికి తెలియని విషయం ఒకటుంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బు తీసుకుని ఒకరి కోసం తీసిన ఫోటోకి, వేరేగా ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. తీసినవాడిది కాదు. కాబట్టి మీ పేజీలో పెట్టుకోవాలన్నా, పోటీకి పంపాలన్నా ఆ ఒప్పందంలో రాసి ఉండాలి. రాసి ఉన్నా సరే, ఏడుస్తున్న ఫోటోలు, పిల్లల ఫోటోలు పెట్టేముందు నేను మళ్లీ ఒకసారి అడుగుతాను.

మగపెళ్లివారు వేరే టీమ్‌ని తెస్తున్నారట. మండపం మీద ఎనిమిది మంది అయిపోతాం

మన పెళ్లిళ్లలో ఇది మామూలే. ముందురోజే వాళ్ల నంబర్ తీసుకుని ఫోన్ చేయండి, పెళ్లిరోజు కలిసి టీ తాగండి. "నేను ఎదురుగా నిలబడను, పక్కనుంచి తీసుకుంటాను, ముందు స్థలం మీదే" అని నేను మొదటే చెప్పేస్తాను. ఎదురుగా ఉండే స్థలం కోసమే గొడవలన్నీ. మనకి నిజానికి అది అక్కర్లేదు.

## పెళ్లికి ముందు

ముందుగా కుటుంబాన్ని కలవడం అవసరమా? ఫోన్‌లో మాట్లాడుకుంటే సరిపోదా?

కలవండి. వీలైతే అమ్మతోనో, పిన్నితోనో మాట్లాడండి, ఇంట్లో సంగతులు వాళ్లకే తెలుస్తాయి. బుట్టలో తెచ్చే మేనమామ ఎవరు? సొంత మేనమామ లేకపోతే ఆ స్థానంలో ఎవరు? ఈ మధ్య ఇంట్లో ఎవరైనా పోయారా? ఎవరెవరికి మాటలు లేవు? అమెరికా నుంచి రాలేక లైవ్‌లో చూసేది ఎవరు? ఇవి తెలియకుండా వెళితే కళ్ల ముందు జరుగుతున్నదాని బరువు తెలియదు. పదేళ్లుగా మాట్లాడుకోని అన్నదమ్ములిద్దరు పందిట్లో ఒకరికొకరు నీళ్ల గ్లాసు అందించుకున్నారనుకోండి, తెలియనివాడికి అది నీళ్ల గ్లాసే.

ఒక్కో ఊళ్లో ఒక్కోలా చేస్తున్నారు. ఏది ఎప్పుడొస్తుందో ఎలా పట్టుకోవాలి?

మొత్తం బట్టీ పట్టడం కుదరదు. వరస మారుతుంది, పేర్లు మారతాయి. కొన్ని ఇళ్లలో కన్యాదానం ముందు, కొన్ని ఇళ్లలో జీలకర్ర బెల్లం ముందు. తెలంగాణ పెళ్లిళ్లలో మైలపోలు (నలుగు పెట్టి స్నానం చేయించే తంతు), ఐరేని కుండలు (రంగులు వేసి పూజకి పెట్టే కుండలు) ఉంటాయి, గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవాడికి మొదటిసారి అవి ఏంటో కూడా తెలియదు, నాకూ తెలియలేదు. అందుకని నేను పట్టుకునేది గుర్తులు. పెళ్లి దానంతట అదే ముందుగా చెబుతుంది, వినడం తెలియాలి. మంగళసూత్రాలు కొబ్బరిబోండాం మీదో పళ్లెంలోనో పెట్టి పెద్దలందరి దగ్గరికి తిప్పడం మొదలైందంటే తాళికి ఇంకాస్త టైమే ఉంది, మీ స్థలంలోకి వెళ్లిపోవాలి. ఆ పళ్లెం తిరిగి మండపం మీదకి వచ్చిందంటే ఇక కదలకూడదు. పురోహితుడు చెయ్యి పైకెత్తి "గట్టిమేళం" అన్నాడంటే అదే క్షణం. సన్నాయి, డోలు ఒక్కసారిగా వేగం అందుకుంటాయి. కెమెరా స్క్రీన్ చూసుకుంటున్నవాడికి కూడా చెవులు పనిచేస్తే చాలు. పెళ్లికి ముందు పురోహితుడి దగ్గరికి వెళ్లి నమస్కారం పెట్టి "పంతులుగారూ, జీలకర్ర బెల్లం ముందు ఒకసారి నావైపు చూడండి" అని అడిగితే కాదన్నవాళ్లు నాకు ఇంతవరకూ తగల్లేదు.

## పెళ్లిరోజు

జీలకర్ర బెల్లం టైమ్‌లో ఎక్కడ నిలబడాలి?

అడ్డుతెర ఏ గీత మీద పట్టుకున్నారో ఆ గీత చివర, కింద మోకాళ్ల మీద కూర్చోండి. నిలబడితే వెనక వరసల్లో ఉన్న చుట్టాలకి అడ్డం. వాళ్లు వచ్చిందే ఆ ఒక్క నిమిషం చూడటానికి. అక్కడ నుంచి అబ్బాయి, అమ్మాయి ఇద్దరి ముఖాలూ పక్కనుంచి కనిపిస్తాయి, తమలపాకులో పెట్టిన ముద్ద ఒకరి తల మీద ఒకరు ఉంచిన చేతులు కనిపిస్తాయి. అపర్చర్ (లెన్సులోకి వెలుతురు వచ్చే రంధ్రం) 1.4 పెట్టి ఒక ముఖమే ఫోకస్‌లో ఉంచుకునే పొరపాటు చేయకండి, 2.8 నుంచి 4 మధ్యలో ఉంటే ఇద్దరూ నిలుస్తారు. బాసికాలు కట్టి ఉంటాయి కాబట్టి పై నుంచి పడే లైటుకి కళ్లు చీకట్లో పడిపోతాయి, కింద నుంచి తీస్తే ఆ ఇబ్బంది తగ్గుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. అందరూ చేతుల మీద షట్టర్ నొక్కి, తెర దించగానే అక్షతల గోలలో పడిపోతారు. తెర కిందకి జారిన తర్వాత రెండు మూడు సెకన్లు ఉంటాయి, అవే మీకు కావాలి. ఆ ఇద్దరూ అన్ని రోజులుగా ఫోన్‌లో మాట్లాడుకున్నవాళ్లే, ప్రీ వెడ్డింగ్ షూట్‌లో చేతులు పట్టుకుని తిరిగినవాళ్లే, అయినా తల మీద ఆ ముద్దతో, చుట్టూ మంత్రాలతో, ఒకరినొకరు చూసుకునేటప్పుడు వేరే మనుషుల్లా చూసుకుంటారు. పెదవి వణకడం చూశాను, చిన్నపిల్లల్లా నవ్వు ఆపుకోలేకపోవడం చూశాను. ఆ చూపు మళ్లీ రాదు. ఆ రెండు సెకన్లలో కెమెరా కిందకి దించి ఫోటో ఎలా వచ్చిందో చూసుకోకండి, దయచేసి.

తాళి కట్టేటప్పుడు ఎవరో అడ్డం వచ్చారు, మిస్ అయింది. ఇంకొకసారి కట్టినట్టు చేయమనొచ్చా?

వద్దు. నేను స్టూడియోలో ఉన్నప్పుడు మా సీనియర్ ఒకాయన పెళ్లికొడుకు చేతులు పట్టుకుని ఆపి "బాబూ, అలాగే ఉంచు, ఇటు చూడు" అన్నారు. ఆ అబ్బాయి మూడో ముడి వేయబోతూ ఆగి, కెమెరా వైపు చూసి నవ్వాడు. ఫోటో చాలా స్పష్టంగా వచ్చింది. వెనకాల పెళ్లికూతురి అమ్మమ్మ ముఖం కూడా అందులో ఉంది, మంగళసూత్రం దగ్గర చేతులు ఆగిపోయాయని ఆవిడ కళ్లలో భయం. ఆ ఫోటో నేను ఇప్పటికీ మర్చిపోలేదు, ఈ పద్ధతిలోకి రావడానికి అదే కారణం. మిస్ అయితే మిస్ అయింది. అక్షతలు వేస్తున్న నాన్నని తీయండి, జడ ఎత్తి పట్టుకున్న ఆడపడుచుని తీయండి, ముడులు పడ్డాక మెడలో పసుపుతాడుతో తల పైకెత్తిన అమ్మాయిని తీయండి. తాళి కట్టడం ఒక్క ఫోటోలో లేదు. మిస్ కాకుండా ఉండాలంటే ఇద్దరు ఉండండి, ఒకరు అబ్బాయి భుజం వైపు, ఒకరు ఎదురు మూల నుంచి పొడుగు లెన్సుతో.

వీడియోవాళ్ల లైట్లు ముఖాల మీద తెల్లగా కొట్టేస్తున్నాయి. ఫోటోల్లో అడ్డంగా గీతలు కూడా వస్తున్నాయి

గీతలు ఎల్ఈడీ లైట్ల వల్ల, మీరు చప్పుడు రాని ఎలక్ట్రానిక్ (సైలెంట్) షట్టర్‌లో తీయడం వల్ల. మెకానికల్ షట్టర్‌కి మారండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/50, 1/100 షట్టర్ స్పీడుల దగ్గర మామూలు లైట్ల మిణుకు చాలావరకు పోతుంది. స్టేజీ డెకరేషన్ లైట్లు, ఎల్ఈడీ స్క్రీన్లు వేరే రకంగా మిణుకుతాయి, అందుకని అక్కడ ముందుగానే రెండు టెస్టు ఫోటోలు తీసి చూసుకోండి. వీడియో లైటుతో గొడవ పెట్టుకోకుండా దానికి ఎదురు పక్కకి వెళ్లండి, ఆ లైటు వెనక నుంచి పడితే జుట్టు అంచులు, హోమం పొగ ఎంత అందంగా వస్తాయో చూస్తారు.

తలంబ్రాలప్పుడు ఏ సెట్టింగ్?

గింజలు గాల్లో నిలిచిపోవాలంటే షట్టర్ స్పీడు 1/500 పైన, జారుతున్నట్టు కావాలంటే 1/60 దగ్గర. ఈమధ్య బియ్యంతో పాటు థర్మోకోల్ బంతులు కలుపుతున్నారు, అవి లెన్సు హుడ్‌లోకి దూరి అంటుకుపోతాయి, ఎంత దులిపినా రావు. చిన్న బ్రష్ జేబులో పెట్టుకోండి. ఆ టైమ్‌లో మాత్రం లెన్సు మార్చకండి.

అర్ధరాత్రి రెండున్నరకి ముహూర్తం. ఒంట్లో ఓపిక ఎలా?

మా గోదావరి జిల్లాల్లో ఇవి సహజం. సాయంత్రం రిసెప్షన్ అయ్యాక అందరూ రూముల్లోకి వెళ్లే టైమ్‌లో గంట పడుకోండి, అలారం అసిస్టెంట్ ఫోన్‌లో కూడా పెట్టించండి. భోజనం మొదటి బంతిలోనే చేసేయండి, మొహమాటం వద్దు, ఆకలితో ఉన్న కన్ను సరిగ్గా చూడలేదు. ఎండాకాలం కోనసీమ పెళ్లిళ్లలో ఏసీ గదిలోంచి కెమెరా తీసుకుని బయటికి రాగానే లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది. ముహూర్తానికి అరగంట ముందే కెమెరాలు బయటి గాలిలో ఉంచండి.

పెళ్లికూతురిని చేసే గదిలోకి వెళ్లడం ఇబ్బందిగా ఉంది

ఇబ్బందిగా ఉండటమే మంచిది. మంగళస్నానం, చీర కట్టడం దగ్గర మగవాళ్లకి పని లేదు. టీమ్‌లో ఒక అమ్మాయి ఉండి తీరాలి. లేకపోతే పూర్తిగా సిద్ధమయ్యాక పిలవమని చెప్పి తలుపు బయట ఉండండి.

అప్పగింతల్లో అందరూ ఏడుస్తుంటే కెమెరా పెట్టడం తప్పనిపిస్తోంది

నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ అనిపించడం పోతే ఈ పని మానేయాలని నా నమ్మకం. నేను పాటించేది ఇదీ: ఫ్లాష్ ఉండదు, దగ్గరికి దూసుకెళ్లను, ఒక మనిషి మీద నాలుగైదు ఫోటోలకి మించి తీయను, ఎవరైనా చెయ్యి అడ్డం పెడితే వెంటనే కెమెరా దించుతాను. అమ్మాయి చేతులు పాలల్లో ముంచి అత్తగారి చేతుల్లో పెట్టేటప్పుడు అందరి కెమెరాలూ అక్కడే ఉంటాయి. నేను ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను. చాలాసార్లు తమ్ముడు అక్కడ ఉండడు. కారు డిక్కీలో సూట్‌కేసులు సర్దుతూ ఉంటాడు, సర్దిందే మళ్లీ సర్దుతూ, ఒక సూట్‌కేసు తీసి మళ్లీ అదే చోట పెడుతూ. ఒక పెళ్లిలో అలా తీసిన ఫోటో చూసి ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసింది, "వాడు అసలు ఏడవలేదని ఇన్నాళ్లూ వాడి మీద కోపంగా ఉన్నానండీ" అంది.

పందిట్లో గొడవ జరిగితే తీయాలా?

తీయకూడదు. కట్నం గురించో, మర్యాదల గురించో మాట పెరిగితే కెమెరా కింద పెట్టి పక్కకి వెళ్లిపోండి. అది వాళ్ల ఇంటి విషయం.

గుడిలో పెళ్లి అయితే?

ముందు అనుమతి. తిరుమల ఆలయం లోపలికి కెమెరా, ఫోన్ ఏదీ తీసుకెళ్లనివ్వరు. అన్నవరం కొండ మీద మంచి ముహూర్తం రోజు ఒకదాని పక్కన ఒకటిగా ఎన్నో పెళ్లిళ్లు జరుగుతుంటాయి, పక్క పెళ్లివారి అక్షతలు మీ పెళ్లికొడుకు మీద పడతాయి, ఏ బ్యాండు ఎవరిదో తెలియదు. 35 ఎంఎం ఒక్కటి పెట్టుకుని, ఆ రద్దీని తప్పించాలని చూడకుండా ఫ్రేములోకి రానివ్వండి. ఆ పెళ్లి రుచే అది.

డ్రోన్ ఎగరేయమంటున్నారు

2021 డ్రోన్ రూల్స్ చదవండి, ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైటు మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూడండి. శంషాబాద్ వైపు ఫంక్షన్ హాళ్లు విమానాశ్రయానికి దగ్గర్లో ఉంటాయి, అక్కడ అనుమతి లేకుండా ఎగరేస్తే కేసు అవుతుంది. నేనైతే లైసెన్సు ఉన్నవాళ్లకే అప్పగిస్తాను, అది కూడా ఎదురుకోళ్ల వరకే. మంత్రాలు చదువుతుంటే పైన ఆ రొద వద్దు.

ముస్లిం, క్రైస్తవ పెళ్లిళ్లకి ఈ పద్ధతి పనికొస్తుందా?

చక్కగా పనికొస్తుంది, కానీ ఆ పద్ధతులు తెలుసుకుని వెళ్లాలి. నిఖాలో అమ్మాయి దగ్గర వకీలు, సాక్షులు వచ్చి ఒప్పుదల అడిగే ఘట్టం చాలా నిశ్శబ్దంగా జరుగుతుంది, ఆడవాళ్ల వైపు అమ్మాయి ఫోటోగ్రాఫరే ఉండాలి, ఏ ఫోటో బయటికి వెళ్లొచ్చో ఇంటి పెద్దల్ని అడగాలి. చర్చిలో ప్రమాణాలు చేసేటప్పుడు ఎంత దగ్గరికి రానిస్తారో పాస్టర్‌గారిని ముందురోజే అడగండి. ప్రార్థన టైమ్‌లో షట్టర్ చప్పుడు అందరికీ వినిపిస్తుంది, అక్కడ కళ్లు మూసుకున్నవాళ్లని గౌరవించండి. ఈస్టర్ ముందు శ్రమల కాలంలో పెళ్లిళ్లు ఎక్కువగా పెట్టుకోరు, డేట్లు ప్లాన్ చేసుకునేటప్పుడు అది గుర్తుంటే మంచిది.

## పెళ్లి తర్వాత

కార్డులు ఎప్పుడు కాపీ చేయాలి? ఇంటికొచ్చి పడుకుని లేచాక చేస్తే?

పడుకోకండి. నా మూడో ఏడాదిలో ఒక పెళ్లి నుంచి తెల్లవారి వచ్చి, కార్డులు బ్యాగులోనే ఉంచి నిద్రపోయాను, మర్నాడు ఇంకో ఫంక్షన్‌కి అదే కార్డు తీసి ఫార్మాట్ చేసేశాను. స్నాతకం, కాశీయాత్ర మొత్తం పోయాయి. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కొన్ని వచ్చాయి, చాలావరకు రాలేదు. వాళ్ల ఇంటికి వెళ్లి నిలబడి చెప్పాను. పెళ్లికొడుకు నాన్నగారు ఏమీ అనలేదు, ఆయన ఏమీ అనకపోవడమే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అప్పటి నుంచి రెండు కార్డుల్లో ఒకేసారి రాసేలా సెట్ చేస్తాను, హాల్లోనే ఒక హార్డ్ డిస్కులోకి, ఇంటికి రాగానే ఇంకోదాంట్లోకి, వారంలో క్లౌడ్‌లోకి. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక్కో రా ఫైలు (కెమెరా కుదించకుండా దాచే అసలు ఫోటో) 25 నుంచి 50 ఎంబీ దాకా ఉంటుంది, రెండు రోజుల పెళ్లికి సులభంగా 200 జీబీ అవుతుంది, ఆ డిస్కుల ఖర్చు రేటులోనే కలపాలి. ఆల్బమ్ చేతికిచ్చేదాకా కార్డు ఫార్మాట్ చేయను.

తీసినవన్నీ ఇచ్చేయమంటున్నారు. ఇవ్వాలా?

ఎన్ని ఇస్తారో మొదటే చెప్పి ఉంటే ఈ ప్రశ్న రాదు. నేను రెండు రోజుల పెళ్లికి ఎనిమిది వందల నుంచి వెయ్యి ఇస్తాను. ఒకే క్షణానికి తీసిన పన్నెండు ఫోటోల్లో సరైనది ఏరడం కూడా నా పనే, అది వాళ్ల నెత్తిన వేయడం న్యాయం కాదు. ఐదు వేల ఫోటోలు ఇస్తే ఎవరూ రెండోసారి చూడరు. అయితే ఏరేటప్పుడు ఒక జాగ్రత్త: మీకు కళగా అనిపించకపోయినా ఆ ఇంటి పెద్దలు ఉన్న ఏకైక ఫోటో అయితే అది ఉండాల్సిందే.

అమ్మాయిని తెల్లగా చేయమని అడుగుతున్నారు

చేయను. పెళ్లిరోజు పసుపు, కుంకుమ, నగల వెలుగు, చెమట అన్నీ కలిసి ఆ చర్మానికి ఒక రంగు వస్తుంది, ఆ రంగే ఆ అమ్మాయి. మొటిమ తీసేయమంటే తీసేస్తాను, అది నాలుగు రోజుల్లో పోయేదే. రంగు మార్చడం వేరు. అమ్మ ఎదురుగా కూర్చోబెట్టి రెండు ప్రింట్లు పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలామంది అసలు రంగుదే తీసుకున్నారు. మీకు కొత్తలో కాదనడం కష్టంగా ఉంటుంది, తెలుసు. అయినా మర్యాదగా చెప్పి చూడండి.

ఆల్బమ్ సెలెక్షన్ ఏడాది దాటినా చేయడం లేదు

మీరే డిజైన్ చేసి పంపండి, "మార్పులుంటే ముప్పై రోజుల్లో చెప్పండి" అని రాయండి. ఎంచుకోమంటే ఎవరికీ తెగదు, చేసి ఇచ్చిందాంట్లో మార్చమంటే వెంటనే చెబుతారు.

ఫైళ్లు ఎన్నాళ్లు దాచాలి?

అగ్రిమెంట్‌లో నేను ఏడాది అని రాస్తాను, దాచేది మాత్రం చేతనైనన్నాళ్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీళ్లలో మునిగింది కదా, ఆ నెలాఖరులో అక్కడి నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. ఏడేళ్ల కిందట వాళ్ల పెళ్లి నేనే తీశాను. ఆల్బమ్ రోజుల తరబడి బురదనీళ్లలో ఉండి పేజీలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయట, కంప్యూటర్ కూడా పోయిందట. పాత డిస్కు తీసి చూస్తే ఫైళ్లన్నీ ఉన్నాయి. మళ్లీ ప్రింటు చేయించి నేనే తీసుకెళ్లి ఇచ్చాను. గోడల మీద నీటి గీత ఇంకా ఉంది, నడుం ఎత్తుకి పైనే. ఆవిడ మొదటి పేజీ తెరవలేదు, గబగబా వెనక నుంచి తిప్పుకుంటూ వెళ్లి, వాళ్ల నాన్న వంటవాళ్లతో పులిహోర రుచి చూసి తల ఊపుతున్న ఫోటో దగ్గర ఆగింది. "ఇది ఉందా లేదా అనే చూస్తున్నా" అని, మా ఇద్దరికీ టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.